దూప

సిలబస్ జూన్‌ల మారింది,
ఉత్తరం ఆగస్టుల వచ్చింది.
థర్మల్ ఇంజినీరింగ్ రెండు క్రెడిట్లు చిక్కిపోతే
ఆ ఖాళీల మెషిన్ లెర్నింగ్ వచ్చి కూసున్నది,
కిటికీ నుంచి దస్తీ ఏసి సీటు పట్టినట్టు.

పద్నాలుగేండ్లు బాయిలర్లు చెప్పినదాన్ని నేను.
రాత్రి పదకొండుకు వీడియోలల్ల నేర్చుకున్నది
పొద్దున తొమ్మిదింబావుకు బోర్డు మీద రాస్తున్న.
వెనక బెంచీలకు తెలుసు.
దయగల పిల్లలు, అడగరు.

వర్క్‌షాపుల లేతుకు దుప్పటి కప్పినం.
పక్కన గాజుపెట్టెల త్రీడీ ప్రింటర్,
రిబ్బను ముక్క ఇంకా అతుక్కునే ఉన్నది.
ఇప్పటిదాకా అది పోసింది
రెండు కీ చెయిన్లు,
ప్రిన్సిపాల్ గారి పేరు, ఒక అక్షరం తక్కువ.

మూడో ఏడాది రమావత్ అఖిల
ప్లాస్టిక్ కవర్ల ఆకులు తెచ్చింది.
"మా బత్తాయి తోటయి మేడం.
మీ మోడల్ ఏమంటదో చూద్దాం."
మోడల్ బాగా చదువుకున్నది,
ఏ సముద్రాల అవతలనో తీసిన
యాభై వేల ఆకుల ఫొటోలు మింగింది.
మన ఆకును చూసి
తొంభై నాలుగు శాతం ధైర్యంతోని చెప్పింది:
నిమ్మ. ఆరోగ్యంగా ఉన్నది.
క్లాసంత నవ్వింది.
అఖిల నవ్వలే.
ఆ చెట్టు పిందెలు రాలబట్టి వారమైంది.

ఇగ మన ఫొటోలు మనమే తీద్దామనుకున్నం.
ఆదివారాలు, కనగల్ దాకా, తిప్పర్తి దాకా.
డ్రోన్ లేస్తే గొర్లు చెదిరి
కాపరి తిట్టిండు.
బ్యాటరీ పదిహేడు నిమిషాలొచ్చింది,
తిట్లు ఇంకా ఎక్కువ సేపొచ్చినయి.
గట్టు మీద కూలి డ్రోన్ కాలు విరిగితే
ప్రింటర్ ఇచ్చిన కాలు రెండు రోజులు ఆగింది.
దుప్పటి తీసి
లేతు మీద అల్యూమినియం కాలు తిప్పినం.
ఇప్పటికీ దాని మీదనే దిగుతది.

రెండు వేల మూడొందల ఆకులు.
ఒక్కోదానికి పేరు పెట్టాలె.
పిల్లలకు మూడు పేర్లే తెలుసు:
బాగున్నది, తెగులు, పురుగు.

చాయ్ గ్లాసులు తీసుకపోను వచ్చిన
అటెండర్ భిక్షమయ్య స్క్రీన్ ముందట ఆగిండు.
మూడెకరాల తోటకు నాలుగు బోర్లు ఏసి,
నాలుగూ దుమ్ము పోస్తే చెట్లు నరికిచ్చి
మా గేటుకాడికి పనికొచ్చిన మనిషి.
"గిది తెగులు గాదమ్మా.
దూప."
మరి ఇది?
"దూపనే. అంచు సూడుండ్రి, దొప్పలెక్క ముడుసుకున్నది.
పొద్దుగాల తియ్యకుండ్రి ఫొటోలు,
మంచుకు అన్ని చెట్లు మంచిగనే కనబడతయి.
పగటీలి తియ్యుండ్రి."

నాలుగు రోజులు ఆయన చెప్పిండు,
పిల్లలు టైపు కొట్టిండ్రు.
కుర్చీ ఏస్తే కూసోలే.
కొన్నిటికాడ తల అడ్డం ఊపి
"ముట్టుకుంటే గని చెప్పలేను" అన్నడు.
అవి నూట పన్నెండు.
తీసేద్దామన్న నేను.
అఖిల తియ్యనియ్యలే,
ముట్టుకోవాలె అని ఐదో పేరు పెట్టింది.

కమిటీ వచ్చిన దినం
నలభై రెండు స్లైడ్లు పెట్టినం,
అన్నిట్ల పెద్ద పెద్ద మాటలే, నావే.
ముప్ఫయ్యో స్లైడుకాడ ఒక పెద్దమనిషి
కండ్లద్దాలు పైకి తోసిండు.
"డీ, రెండు ఓలు, పీ, ఏ.
ఇదేం క్లాసు? స్పెల్లింగ్ తప్పా?"
నాకు గొంతు ఎండింది.
పిల్లలు ఒకల మొకం ఒకలు చూసుకున్నరు.
అప్పుడే భిక్షమయ్య ట్రే పట్టుకొని లోపలికొచ్చిండు.
పెద్దమనిషి గ్లాసందుకొని
ఆపకుండ, గడగడ, అడుగుదాకా తాగిండు.

గ్లాసు కింద పెట్టేదాకా ఆగి
అఖిల అన్నది,
"అదే సార్."

ఆయన ఏం రాసుకున్నడో
రిపోర్టు ఇంకా రాలే.
మోడల్ నూటికి డెబ్బై ఒకటి సరిగ్గ చెప్తున్నది,
మిగిలినయి భిక్షమయ్యను అడుగుతున్నం.
రేపు తొమ్మిదింబావుకు క్లాసు,
బ్యాక్ ప్రాపగేషన్.
ఈ రాత్రి నేర్చుకోవాలె.